బీరువాకి చెప్పిన పాఠం

మా చెల్లెలి అసలు పేరుతో మా ఇంట్లో ఎవరికీ పని పడదు. బొంగరం అంటే చాలు, ఏ గదిలో ఉన్నా పలుకుతుంది, మనం తల తిప్పేలోపు ఇంకో గదిలో ఉంటుంది. అది కూర్చుని అన్నం తినగా నేను చూళ్ళేదు. కంచం చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వీధి తలుపు దాకా తిరుగుతూ తింటుంది, తిరుగుతూ చదువుతుంది. ఫోన్లో మాట్లాడిందంటే మా ముందుగది గచ్చు అరిగిపోతుందేమోనని నాకు భయం. నా కుట్టు మిషన్ ఉండేది ఆ ముందుగదిలోనే. స్కూలు యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు, పాత ప్యాంట్లకి కొత్త జిప్పులు, అదీ నా పని. నేనో కాలరు కుడుతుంటే అది నా పక్కనుంచి అటొకసారి ఇటొకసారి పోతుంది. "ఒసేయ్, ఓ చోట కుదురుగా ఉండవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని అరుస్తా. "ఉన్నాగా" అంటుంది, నడుస్తూనే.

అలాంటి మనిషి టీచరవుతానంది.

అంతకుముందు నర్సింగ్ అంది, సగంలో మానేసింది. తర్వాత లెక్కలు రాసే కోర్సు అంది, కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే ఒంటిమీద చీమలు పాకుతున్నట్టుందని అదీ మానేసింది. మూడోది ఇది. దీన్ని చదువుకని నా దగ్గర వదిలి ఊళ్ళో ఉంటున్న మా అమ్మకి విసుగు పుట్టింది. "చాల్లే చదివింది, మీ బాబాయి ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం ఖాళీగా ఉందట, చేరిపో" అని పట్టుబట్టింది. అప్పుడు అమ్మతో గొడవ పెట్టుకున్నది నేను. నాకు ముక్కు మీదుంటుంది కోపం, అందరికీ తెలిసిందే. పక్కింటి పిల్లకి ఇది భిన్నాలు చెప్తుంటే విన్నాను ఓసారి. గోధుమ రొట్టె తీసుకుని ముక్కలు చేసి, ఆ పిల్లతో కలిసి నేల మీద బోర్లా పడుకుని, ఇద్దరూ ఆ ముక్కల్ని అటూ ఇటూ జరుపుతున్నారు. ఆ కాసేపూ మా బొంగరం తిరగలేదు. నేను చూశాను కాబట్టే అంత గట్టిగా నిలబడ్డాను. చివరికి అమ్మ ఒప్పుకుంది గానీ ఒక మాట అంది: "ఇదీ తప్పిందో, మారు మాట్లాడకుండా ఫోన్ల దగ్గర కూర్చోవాలి." బొంగరం కూడా సరేనంది. అమ్మ బాబాయికి ఆ మాటే చేరవేసింది.

ఈ టీచర్ చదువులో పద్ధతి ఏమిటంటే, కాలేజీలో పాఠాలయ్యాక ఓ బడికి పంపిస్తారు. అక్కడ నిజం క్లాసులో నిజం పిల్లలకి చెప్పాలి. ఆ క్లాసు అసలు టీచరు వెనక బెంచీలో కూర్చుని చూస్తుంటుంది, ఆవిణ్ణి గైడు టీచరంటారు. కాలేజీ నుంచి సూపర్‌వైజరు మేడం వచ్చి ఓ పాఠం చూస్తుంది. బావుందంటే సరే. బాలేదంటే ఇంకొక్కసారి వస్తుంది. అప్పుడూ బాలేదంటే మూటాముల్లె సర్దుకోవడమే.

మొదటిసారి వచ్చిన రోజు బొంగరం మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది. చెప్పుల్తోనే ముందుగదిలో తిరగడం మొదలుపెట్టింది.

"పాఠం నీకొచ్చు, క్లాసులో నువ్వు మాత్రం లేవు అందక్కా మేడం. అదేం మాట? గొంతు చించుకుని చెప్పాను. అంతసేపు నిలబడి చెప్తే లేననడం ఏంటి?"

"నిలబడ్డావా?" అన్నాడు మా ఆయన.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. వారానికోసారి నోరు తెరిస్తే ఇదిగో, ఇలాంటి మాట వస్తుంది. బొంగరం ఆయన్ని కొట్టేలా చూసింది, నడక ఆపకుండానే.

గైడు టీచరే ఉపాయం చెప్పిందట. "అమ్మాయ్, నీ గురించి ఎవరేం చెప్పినా నీకు ఎక్కట్లేదు. నీ పాఠం నువ్వే చూసుకో. ఫోను పెట్టి తీసుకో, ఇంటికెళ్ళి చూడు. హెడ్మాస్టరు గారికి నేను చెప్తాను. కానీ చూశాక తుడిచెయ్యాలి, ఇంకెవరికీ పంపకూడదు, పిల్లలుంటారు అందులో." సరేనని మర్నాడు క్లాసు వెనకాల పుస్తకాల బీరువా మీద ఫోను నిలబెట్టి, పాఠం చెప్పి, అది పట్టుకుని ఇంటికొచ్చింది.

సాయంత్రం భోజనాల బల్ల మీద నీళ్ళ సీసాకి ఫోను ఆనించి ముగ్గురం చూశాం. అబ్బబ్బ, చూడ్డానికి నాకే సిగ్గేసింది, దానికెలా ఉందో! తెర మీద మా బొంగరం బల్ల దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బోర్డు దాకా, కాలు కాలిన పిల్లి నయం. డస్టరు తీసుకుని తుడవకుండా పెట్టేస్తుంది. సుద్దముక్క ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి చున్నీ కొంగులోకి. చూపంతా కిటికీ పక్క వరస మీదే, ఇటువైపు వాళ్ళు బతికున్నారో లేదో కూడా పట్టలేదు. ఇక మాటకో "అర్థమైందా?" అన్నీ ఒక ఎత్తు, ఆ అర్థమైందా ఒక ఎత్తు. అడుగుతుంది, పిల్లలు నోరు తెరిచేలోపు తనే ముందుకెళ్ళిపోతుంది.

"ఆపు, ఆపెయ్, నేను చూళ్ళేను" అని మొహం కప్పుకుంది బొంగరం.

"చూడాల్సిందే, చూడు" అన్నాను. "ఇన్నాళ్ళూ నేను అరిస్తే నా నోటి దురద అనుకున్నావుగా. ఇప్పుడు చూడు."

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. సిగ్గుపడింది గానీ వదిలెయ్యలేదు. రోజూ తీసుకొస్తుంది, రోజూ చూస్తుంది. గచ్చు మీద సుద్దతో చిన్న చదరం గీసుకుంది, దాంట్లోంచి కాలు బయట పెట్టకుండా నాకు పాఠం చెప్పాలి. నేను మిషన్ మీద కుడుతూ విద్యార్థినన్నమాట. అర్థమైందా అన్నప్పుడల్లా గుండీల డబ్బాలోంచి ఒక గుండీ తీసి స్టీలు గిన్నెలో వేస్తానని చెప్పాను. ఠంగ్‌మని మోగేది. మొదటి రోజు ఆ మోతకి మా ఆయన లోపల్నుంచి వచ్చి, ఎవరైనా దానం అడుగుతున్నారా అని వీధిలోకి తొంగి చూశాడు. రానురాను మోత తగ్గింది. చున్నీ నలపడం మానడానికి పిన్నీసు పెట్టేసుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో, అన్నీ వీడియో చూసి చూసి దిద్దుకుంది. అద్దం ముందు కూడా చెప్పుకునేది. చదరంలో నిలబడ్డప్పుడు పైకి కదలకపోయినా కాలివేళ్ళు మాత్రం చెప్పుల్లో ఆడుతూనే ఉండేవి, నేను చూశాను.

మధ్యలో నా పనీ సాగాలిగా. చేతికుట్టు వేసేటప్పుడు దారం అయిపోతే సూది దాని ముందు పెట్టేదాన్ని. "కంట్లో నలుసు పడిందే, కాస్త ఎక్కించు" అని. అది పాఠం ఆపకుండా, దారం కొస నోట్లో తడిపి, సూదిలో దూర్చి నా చేతికిచ్చేసేది. ఏ నలుసు, ఎప్పుడు పడింది, ఇంకా పోలేదా అని అడిగే తీరిక దానికెక్కడిది!

కొన్నాళ్ళకి వీడియోలు చూడముచ్చటగా తయారయ్యాయి. టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా నిలబడింది, గడ్డం పైకి, చేతులు కుదురుగా. మాట స్పష్టం. నేను పొంగిపోయాను. అమ్మకి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పాను, తొందరపడి. "చూస్తూ ఉండు, సూపర్‌వైజరు మేడమే లేచి చప్పట్లు కొడుతుంది" అన్నాను. అమ్మ "ఊఁ" అంది, అంతే.

సూపర్‌వైజరు మళ్ళీ రావడానికి వారం కూడా లేదు. ఆ రోజు బొంగరం వచ్చిన తీరు చూసి మిషన్ ఆపేశాను. సంచీ కుర్చీలోకి విసిరింది. ఇల్లంతా ఓ చుట్టు తిరిగి, వంటింట్లో గ్లాసు తీసి నీళ్ళు తాగకుండా పెట్టేసి, మళ్ళీ నా దగ్గరికొచ్చింది.

"పిల్లలు వెనక్కి తిరిగారక్కా."

"ఎందుకు?"

"నేను వాళ్ళతో మాట్లాడట్లేదు కాబట్టి! పాఠం మధ్యలో ఒకడు వెనక్కి తిరిగి చూశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. చూస్తుండగానే క్లాసంతా వెనక్కి తిరిగింది. ఏంట్రా అంటే, 'టీచర్, బీరువా దగ్గర ఎవరున్నారు?' అన్నాడు ముందు బెంచీ వాడు. గైడు టీచరు నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. 'అమ్మాయ్, ఇదివరకు కిటికీ వరసకైనా చెప్పేదానివి. ఇప్పుడు బీరువాకి చెప్తున్నావు' అంది."

నాకు నవ్వాగలేదు. నవ్వకూడదని తెలుసు, పెదవి కొరుక్కున్నాను కూడా, అయినా వచ్చేసింది. ఫోను ఉండేది బీరువా మీదే కదా. ఇన్నాళ్ళూ ఇంట్లో తనని తాను చూసుకుని చూసుకుని, క్లాసులోకి వెళ్ళాక ఫోను కంటికి ఎలా కనబడుతున్నానా అన్న ధ్యాసే తప్ప ఇంకోటి లేదన్నమాట. పాఠం మొత్తం పిల్లల నెత్తిమీదుగా ఆ బీరువాకి చేరింది.

"నవ్వు, బాగా నవ్వు" అంది. "అమ్మకి చెప్పు, బాబాయికి ఫోన్ చెయ్యమను. రేపట్నుంచే చేరతా. ఫోన్లెత్తడానికి ఎవరి మొహమూ చూడక్కర్లేదుగా, అదే నాకు సరైంది."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "నీ కోసం అమ్మతో మాటలు పడింది నేను! ఇంకొక్క పాఠం ఉండగా కాడి పడేస్తావా? వెళ్ళు, వెళ్ళి ఆ ఫోను ఎక్కడైనా పారెయ్, పిల్లల్ని చూసి చెప్పు, చెప్పలేకపోతే అప్పుడు ఏడువు!" అని ఇంకా ఏవేవో అన్నాను. అది ఏదో చెప్పబోయింది, నేను వినలేదు. నేను ఆపేసరికి అది అందుకుంది, నేనూ వినలేదు, అదీ వినలేదు. మా ఇంట్లో గొడవలు ఎప్పుడూ ఇంతే, రెండు రేడియోలు ఒకేసారి పెట్టినట్టుంటుంది. మా ఆయన మెల్లిగా చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు.

మర్నాడు మాత్రం బడికి వెళ్ళింది. పారెయ్యమన్నానని ఫోను పారెయ్యలేదు, బీరువా మీంచి తీసి ముందు తన బల్ల మీదే, సుద్దపెట్టెకి ఆనించి పెట్టింది. దగ్గరగా ఉంటే దూరంగా చూడక్కర్లేదు కదా అని దాని ఆలోచన. తన వైపు కెమెరా నొక్కాననుకుంది. గంట కొట్టేశారు, పిల్లలు గోల చేస్తున్నారు, ఆ హడావుడిలో ఏం నొక్కిందో దానికే తెలీదు. సాయంత్రం బల్ల మీద ఫోను పెట్టి చూస్తే, ఇంకేముంది!

"నేను లేను! నేనసలు లేనే ఇందులో!" అని నెత్తి కొట్టుకుంది. "అటువైపు కెమెరాతో తీశాను. నాలుగు రోజులే మిగిలాయి, అందులో ఒకటి పాడు చేసుకున్నా."

తెర నిండా పిల్లలు. మా బొంగరం గొంతు ఒక్కటే పక్కనుంచి వినబడుతోంది, మనిషి లేదు.

"తీసేస్తున్నా" అంది.

"ఉండవే, చూడనీ. రోజూ నీ మొహమే చూస్తున్నాం, ఇవాళ వాళ్ళ మొహాలు చూద్దాం" అన్నాను. పిల్లలంటే నాకు సరదా. వాళ్ళ యూనిఫారాల కుట్లు కూడా చూడొచ్చని, అబద్ధం ఎందుకు.

ముందు నవ్వొచ్చింది. బీరువా మీద ఫోను లేకపోయేసరికి దాని పాత నడకా, పాత అర్థమైందాలూ తిరిగొచ్చేశాయి. అది అటు నడిస్తే తలకాయలన్నీ అటు, ఇటు నడిస్తే ఇటు, వరసగా పెట్టిన టేబుల్ ఫ్యాన్లలా. కాసేపటికి తిరగడం మానేశాయి. ఒకడు రబ్బరు కొరుకుతున్నాడు. ఒకతి పక్కపిల్ల జడకున్న రబ్బరుబ్యాండు లాగుతోంది. కిటికీ పక్క వరస మాత్రం బుద్ధిగా తలలాడిస్తోంది, అలవాటైపోయి.

"అక్కా, ఆగు. అక్కడ."

నేను కాదు, అదే ఆపింది. వెనక్కి జరిపింది. తలుపు వైపు వరసలో, గోడ పక్కన, రెండు జడల పిల్ల ఒకతి. బొంగరం గొంతు అంటోంది: "కాబట్టి వేడి తగిలితేనే నీళ్ళు ఆవిరవుతాయి." ఆ పిల్ల చెయ్యి బల్ల మీంచి లేచింది. మెడ దాకా వచ్చింది, చెవి దాకా వచ్చింది. "అర్థమైందా? సరే, ముందుకెళ్దాం" అంది గొంతు. చెవి దాకా లేచిన చెయ్యి చెవి గోక్కున్నట్టు నటించి కిందికి దిగిపోయింది. ఎవరూ చూళ్ళేదు. ఆ పిల్ల మాత్రం చుట్టూ చూసింది, ఎవరైనా చూశారేమోనని.

ఇంకాస్త ముందుకెళ్తే మళ్ళీ లేచింది. మళ్ళీ చెవి గోక్కుంది. పాఠం చివర్లో ఇంకోసారి, ఈసారి భుజం కూడా దాటలేదు. ఆ తర్వాత చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుండిపోయింది.

మా చెల్లెలు కదల్లేదు. నిజంగా చెప్తున్నా, కుర్చీ అంచున అలా ఉండిపోయింది, కాలివేళ్ళు కూడా ఆడలేదు. నాకు భయమేసింది.

"రోజూ ఎత్తుతోందేమో" అంది చివరికి. "నేను వచ్చినప్పట్నుంచీ. బీరువా మీంచి తీస్తే వీపులే కదక్కా కనబడేది. నా మొహం ఎలా ఉందా అని అన్నిసార్లు చూసుకున్నాను, వాళ్ళ మొహాలు ఒక్కసారీ చూళ్ళేదు."

"రేపు పిలిచి అడుగు, ఏం కావాలో."

"అడిగితే చెప్పదు. 'ఏం లేదు టీచర్' అంటుంది. నేనూ అలాగే అనేదాన్ని."

ఆ మాట నాకు కొత్త. చిన్నప్పుడు బళ్ళో ఇది చెయ్యెత్తేదా, ఎత్తి దించేదా, నాకేం తెలుసు? అడుగుదామనుకున్నాను, ఈలోపు అది లేచి వీడియో తుడిచేసింది. గైడు టీచరుతో చెప్పిన మాట ప్రకారం ఎప్పుడూ తుడిచేసేదే. ఆ రోజు మాత్రం వేలు తెర మీద పెట్టి కాసేపు ఆగింది.

అప్పట్నుంచి మా ఇంట్లో కొత్త గోల. ఇదివరకు మాట్లాడ్డం నేర్చుకుంది, ఇప్పుడు ఊరుకోవడం నేర్చుకోవాలట. నన్నో ప్రశ్న అడిగి, నేను జవాబు చెప్పేదాకా నోరు మెదపకూడదు, అదీ సాధన. నేను కావాలని జాకెట్టు చంక కుట్టుకుంటూ నానబెట్టేదాన్ని. పాపం, మొహం ఎర్రబడేది, గుటకలు మింగేది, ఊపిరి బిగబట్టేది, ఇక ఆగలేక "అదే, అదేనక్కా, ఇప్పుడు చూడు" అని తనే జవాబు చెప్పేసేది. "ఛీ, నోరు మూసుకోవడం ఇంత కష్టమా!" అని తన నోటి మీద తనే కొట్టుకునేది. మా ఆయన్ని విద్యార్థిగా పెడితే ఇంకా ఘోరం. ఆయన జవాబు చెప్పడు, ఎందుకు చెప్పలేదంటే అడిగిన సంగతే మర్చిపోయానంటాడు.

ఇంకోపక్క చార్టు తయారీ. బట్టలెలా ఆరతాయి అన్నది పాఠం. సూర్యుడు, తీగ మీద ఆరేసిన చొక్కాలు, పైకి పోతున్న ఆవిరి బాణాలు. మబ్బులు నావి. మంచి దూది తెచ్చి, పొరలు విడదీసి, అంటించి, అంచులు కత్తిరించాను. కళ్ళు లాగేశాయి గానీ మబ్బులంటే మబ్బులే. చూసినవాళ్ళు ఊది చూడాల్సిందే.

ఆ రోజు పొద్దున బొంగరం ఫోను నా మిషన్ మీద పెట్టింది. "ఇంట్లోనే ఉండనీ" అంది. చార్టు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. గేటు కూడా వెయ్యలేదు.

ఇక నా సంగతి అడక్కండి. పనిలో చెయ్యి పెడితే ఒట్టు. చొక్కా చెయ్యి తిరగేసి కుట్టాను, విప్పాను, మళ్ళీ తిరగేసే కుట్టాను. సూదిలోకి దారం ఎంతకీ పోదు, కిటికీ దగ్గరికెళ్ళినా పోదు, కళ్ళు చికిలించినా పోదు. ఎక్కించి ఇచ్చేవాళ్ళు ఇంట్లో లేరు. సూదిని దిండుకి గుచ్చి పారేసి, గేటు దాకా వెళ్ళి వచ్చాను. అమ్మ ఫోన్ చేసింది: "ఏమైందే?" "ఇంకా రాలేదు." "బాబాయి అడుగుతున్నాడు." "అడగనీ!" అని పెట్టేశాను. ఇవాళ తాడో పేడో తేలిపోతుంది, ఈ మనిషికి తొందరేంటి? మళ్ళీ గేటు దాకా వెళ్ళాను. గచ్చు మీద నేను తిరగడం మా ఆయన చూసి, "మీ ఇద్దరిలో బొంగరం ఎవరు?" అన్నాడు. ఆ వారానికి ఆయన మాట అయిపోయింది.

బొంగరం వచ్చింది. చెప్పులు విప్పింది. వచ్చి నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చుంది! చంకలో చార్టు చుట్టినట్టే ఉంది, కట్టిన దారం కూడా విప్పలేదు.

"నా మబ్బులు?" అన్నాను, ముందు అదే వచ్చింది నోట్లోంచి.

"తియ్యలేదక్కా."

"తియ్యలేదా! నా కళ్ళు పోగొట్టుకుని అంటించాను..."

"చెప్తాను. విను."

విన్నాను. బట్టలెందుకు ఆరతాయని అడిగిందట. క్లాసంతా ఒకటే గొంతు, "ఎండ, టీచర్!" అని. ప్లాను ప్రకారం 'వెరీగుడ్' అని చార్టు విప్పాలి. సూపర్‌వైజరు మేడం చేతిలో ఆ ప్లాను కాపీ ఉంది, వెనక బెంచీలో కూర్చుని టిక్కులు పెట్టుకుంటోంది. ఇది చార్టు మీద చెయ్యి వేసి, తలుపు వైపు వరస చూసింది. రెండు జడల పిల్ల చెయ్యి బల్ల మీంచి లేస్తోంది.

"ఆగానక్కా. దాన్నే గుడ్లప్పగించి చూస్తే బెదిరిపోతుందని మొత్తం అందరివైపూ చూస్తూ నిలబడ్డాను. 'ఇంకా ఎవరైనా?' అన్నాను. అంతే, ఇంకో మాట అనలేదు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. మేడం పెన్ను ఆపేసింది. అయిపోయాను, మాట మర్చిపోయాననుకుంటోంది, ఫెయిలు అనుకున్నాను. నోట్లోంచి అర్థమైందా అన్న మాట తన్నుకొచ్చేస్తోంది. నాలుక కరుచుకున్నాను. చెయ్యి చెవి దాకా వచ్చింది. చెవి ముట్టుకుంది. నేను కదల్లేదు. అప్పుడు, అక్కా, అప్పుడు పైకెత్తింది."

"ఏమడిగింది?"

"'టీచర్, మా అమ్మ రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఉతుకుతుంది. గదిలోనే ఆరేస్తాం. ఎండ రాదు. మరి పొద్దున్నకి నా గౌను ఎలా ఆరిపోతోంది?' అంది. వేడి తగిలితేనే అని నేనే చెప్పాను కదక్కా. ఆ రోజు ఎత్తింది అందుకే. తప్పు చెప్పిందే నేను!"

ఒకడు ఫ్యాను అన్నాడట. ఇంకొకతి మా ఇంట్లో ఫ్యాను లేదు, అయినా ఆరతాయంది. ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుపులు. ఇది బోర్డు తడిగుడ్డతో రెండు చోట్ల తుడిచింది. ఒకదానికి అట్టతో విసరమని ఆ రెండు జడల పిల్లనే పిలిచింది, రెండోది అలా వదిలేసింది. విసిరిన తడి ముందు పోయింది. వదిలేసింది కూడా పోయింది, కాస్త ఆలస్యంగా. క్లాసంతా బోర్డు మీదకి ఎగబడి చూస్తుంటే గంట కొట్టేశారు. చార్టు, బాణాలు, నా దూది, ఏవీ కాలేదు. పాఠం సగంలో ఉండిపోయింది.

"మరి మేడం?" అన్నాను.

"పిల్లలు వెళ్ళాక పిలిచింది. 'నీ ప్లానులో ఇది లేదు' అంది. లేదు మేడం అన్నాను. 'మరి ఎందుకు ఆగావు?' అంది. చెయ్యెత్తింది మేడం అన్నాను. కాసేపు కాయితం కేసి చూసి, 'పోయినసారి నేనొచ్చినప్పుడు కూడా ఆ పిల్ల చెయ్యెత్తిందా?' అంది."

"నువ్వేమన్నావ్?"

"ఎత్తే ఉంటుంది మేడం, నేనప్పుడు చూళ్ళేదు అన్నాను."

"అయ్యో పిచ్చిమొహమా! ఎవరైనా అలా..."

"ఇప్పుడు చూశావుగా అని సంతకం పెట్టేసిందక్కా."

"అంటే?"

"పాస్."

నేను లేచి ఎలా గెంతానో నాకే తెలీదు, గుండీల డబ్బా తన్నేశాను, గచ్చంతా గుండీలు. అమ్మకి ఫోన్ చేసి, "బాబాయికి చెప్పు, ఆ ఫోన్లు ఇంకెవరినైనా ఎత్తమని చెప్పు!" అని అరిచాను. అమ్మ ఏడ్చింది. మా ఆయన ఏదో తినడానికి తెస్తానని వెళ్ళాడు. నేను గుండీలు ఏరుతూ మాట్లాడుతూనే ఉన్నాను: అందరూ దాన్ని అన్న మాటలూ, నేను చెప్పిన బదుళ్ళూ, అన్నీ. ఏరడం అయ్యాక ఆ తిరగబడ్డ చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుని, సూదీ దారం అలవాటుగా దాని ముందు పెట్టాను.

"కంట్లో నలుసు, కాస్త ఎక్కించవే."

సూది తీసుకుంది. దారం తడపలేదు. స్టూలు మీంచి లేవలేదు. సూది ఒడిలో పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"అక్కా, నీ కళ్ళకేమైంది?"

"ఏమవుతుంది, నలుసేగా. ఏం లేదు. పొద్దుట్నుంచీ ఈ చొక్కాతో..." అంటూ చెయ్యి కంటి దాకా తీసుకెళ్ళి, రుద్దుకున్నట్టు రుద్దుకుని దించాను. దించాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

అది అడగాల్సింది అడిగేసి, కదలకుండా, నోరు మెదపకుండా అలా కూర్చుంది. నేను మిషన్ చక్రం తిప్పాను. కాలరు సర్దాను. వీధిలోకి చూశాను, మా ఆయన వస్తాడేమోనని. ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళలో మా ముందుగది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెరగను.

"కనబడట్లేదే" అన్నాను. "సూది రంధ్రం కనబడట్లేదు. కుట్టు కూడా చేత్తో తడిమి వేస్తున్నా. భయమేస్తోంది."

అది స్టూలు దగ్గరికి జరుపుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఎప్పట్నుంచి?" అంది.

మళ్ళీ ఆగింది.